శుక్రవారం పుట్టిన తుప్పు

అమొఆకో వెల్డరుకి తుప్పంటే ఒళ్ళుమంట. కుమాసీలో, సుఆమే మెకానిక్కుల వాడలో, పాత లారీల తలుపులు గోకి, రుద్ది, అతికి బతికిన మనిషి ఆయన. పొద్దున్నే షెడ్డు తెరవగానే ఎదురుగా ఉన్న లారీకి తిట్లు మొదలయ్యేవి. లారీకి కాదులెండి, దాన్ని పట్టుకున్న తుప్పుకి. "నీ దుంపతెగ, రాత్రికి రాత్రే ఇంత పాకావా!" అంటూ ఇనుప బ్రష్షు పట్టుకుని దాని మీదికి వెళ్ళేవాడు. అలాంటి మనిషి కూతురు విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరి ఏం చేస్తోందయ్యా అంటే, తుప్పు తయారు చేస్తోంది. సంగతి తెలిసిన రోజున వాడ వాడంతా పడీపడీ నవ్వింది.

"నేను జన్మంతా గోకి పారేశాను, ఇది మళ్ళీ వండుతోంది!" అని అందరికంటే ముందు ఆయనే చెప్పుకు తిరిగాడు. చెప్పేటప్పుడు ఛాతీ కాస్త పొంగేది. దాచుకోవడం ఆయనకు చేతకాదు.

ఆ కూతురి పేరు బిరాగో. చిన్నప్పుడు బడి అవగానే పుస్తకాల సంచీతో సరాసరి షెడ్డుకే వచ్చేది. తండ్రి గోకిన తుప్పు పెచ్చుల్ని ఏరి, ఎండలో పెట్టి, తిప్పి తిప్పి చూసేది. "నాన్నా, ఇది ఎటునుంచి పెరుగుతుంది? లోపల్నుంచా, పైనుంచా?" అని అడిగేది. "నా నెత్తి మీంచి పెరుగుతుంది. ఆ ఎమిరీ కాగితం ఇలా పారెయ్," అనేవాడు ఆయన. జవాబు దొరకలేదు కదా, ప్రశ్న ఆ పిల్లను పట్టుకుని వదల్లేదు. కాలేజీలో రసాయనశాస్త్రం తీసుకున్నా, ముప్పై దాటాక మళ్ళీ పరిశోధనలో కూర్చున్నా, అన్నీ ఆ ప్రశ్న వెంట పడి వెళ్ళినవే.

తల్లి డుఫీకి బంటామాలో ఫుఫు హోటలు. కర్రపెండలం, అరటికాయ ఉడికించి రోట్లో దంచి ముద్ద చేసి, మేక మాంసం చారులో వేసి ఇస్తే ఆ వీధిలో కుర్చీ దొరికేది కాదు. డుఫీకి కూతురి చదువంటే గర్వమే గాని ఒక్క బాధ మాత్రం ఉండేది. వాళ్ళ అశాంతి తెగ ఇళ్ళలో వంశం కూతురి కడుపునే నిలుస్తుంది. ఆవిడకున్నదేమో ఈ ఒక్క కూతురు. కొడుకులు ఎంతమంది పిల్లల్ని కన్నా వాళ్ళు వాళ్ళ తల్లుల వంశానికే పోతారు. "పెళ్ళి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక మనవరాల్ని నా చేతిలో పెట్టవే," అని ఆవిడ అడగని ఆదివారం లేదు. బిరాగో ఫుఫు మింగుతూ తల ఊపేది, సోమవారం పొద్దున్నే ల్యాబుకి పోయేది.

ఇంతకీ ల్యాబులో ఆవిడ వండే తుప్పు మామూలు తుప్పు కాదు. ఒక వెంట్రుక మందంలో వేలకొద్దీ పక్కపక్కనే పట్టేటంత చిన్న గింజలు. డుఫీ పుట్టిన ఊరు బంగారు గనుల పక్కన ఉంది, అక్కడ బావినీళ్ళలో విషం ఊరుతుంది. ఈ గింజల్ని ఆ నీళ్ళలో వేస్తే విషాన్ని పట్టుకుంటాయి, తర్వాత అయస్కాంతం పెట్టి గింజల్ని లాగేయవచ్చు. కాకపోతే గింజలన్నీ ఒకే సైజులో, ఒకే తీరులో ఉండాలి. తలా ఒక సైజైతే కొన్ని అయస్కాంతానికి వస్తాయి, కొన్ని నీళ్ళలోనే ఉండిపోతాయి. అలాంటి నీళ్ళు ఎవరు తాగుతారు?

అన్నీ ఒకే సైజులో రావాలంటే అన్నీ ఒకేసారి పుట్టాలి. కొన్ని ముందు పుట్టి, కొన్ని తీరిగ్గా వెనక పుడితే, ముందు పుట్టినవి బలుస్తాయి, వెనకవి పీలగా ఉంటాయి. ఆపైన ఆ పీలవి కరిగిపోయి బలిసినవాటికే మేతవుతాయి. అశాంతి పిల్లలకు పుట్టిన వారాన్ని బట్టి పేరు కదా, ల్యాబులోనూ వంటలకు అవే పేర్లు పెట్టారు. బుధవారం వంట అకువా, గురువారం వంట యా, శుక్రవారమైతే అఫియా. వంట చెడితే పక్క బల్ల మీద పనిచేసే ఫీఫీ, "ఇవాళ అకువాల పందిట్లో యా గాళ్ళు దూరారోయ్!" అని అరిచేవాడు. ఫీఫీ కూడా పీహెచ్‌డీయే, కేప్‌కోస్ట్ నుంచి వచ్చిన ఫాంటీ తెగవాడు, తిండిపోతు, నోటికి తాళం లేనివాడు.

పుస్తకాల్లో చెప్పిన నూనె విదేశాల నుంచి రావాలి. అది ఓడ ఎక్కి, దిగి, కస్టమ్స్‌లో పడుకుని వచ్చేసరికి ఏడాది గడిచిపోతుంది. బిరాగో దానికోసం కూర్చోలేదు. ఆ నూనెలో ఉండే అసలు సరుకే మన షియా గింజల వెన్నలోనూ సగం ఉంది కదా అని కేజేటియా బజారుకి వెళ్ళింది. వెన్నను సబ్బు చేసి, ఇనుప లవణంతో కలిపితే ఎర్రటి జిగురు వచ్చింది. దాన్ని మూడు మెడల గాజు బుడ్డిలో పోసి, గాలి తగలకుండా, మూడొందల డిగ్రీలు దాటించి కాచింది. ఎర్రగా, ఎర్రగా ఉన్నది ఒక్క క్షణంలో నల్లబడింది. అదే పుట్టుక. ఆ క్షణం చూసిన ప్రతిసారీ బిరాగోకి చేతులమీద రోమాలు లేచేవి.

బుడ్డిలోవాటిని చూడగలిగే సూక్ష్మదర్శిని కుమాసీలో లేదు, జోహానెస్‌బర్గ్‌లో ఉంది. విమానం ఎక్కే ఎవరో ఒక లెక్చరరు జేబులో చుక్క ఎండిన పలక వెళ్ళేది, బొమ్మలు ఈమెయిల్లో తిరిగొచ్చేవి. మొదటి మంచి వంట, బుధవారం అకువా బొమ్మలు వచ్చిన రోజున ల్యాబులో ఒకటే కేకలు. గుండ్రంగా, ఒకే సైజులో, వరస కట్టి కూర్చున్నాయి గింజలు. ప్రొఫెసర్ క్వార్టెంగ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"బాగుందమ్మా. చాలా బాగుంది," అన్నారు. "ఇప్పుడు ఇదే మళ్ళీ చెయ్యి. వరసగా మూడుసార్లు ఇలాగే రావాలి. ఒకసారి వస్తే అది అదృష్టం, మూడుసార్లు వస్తే అది అధ్యాయం. ఈస్టర్‌కి ముందు థీసిస్ కమిటీ కూర్చుంటుంది, గుర్తుంచుకో."

ఆవిడ మూడేళ్ళుగా కాస్తున్నది ఆ అధ్యాయం కోసమే కదా. అది ఉంటే థీసిస్ ఉన్నట్టు, లేకపోతే మిగిలేవి అక్కడక్కడి ముక్కలు.

వెన్న ఎప్పుడూ హాజియా మెమునా దగ్గరే కొనేది. హాజియాది ఉత్తరాన టమాలే. మక్కా వెళ్ళొచ్చిన మనిషి, పెద్ద గొంతు, పెద్ద మనసు. ఆవిడ గంపలకు ఒక పక్క సుగంధ దినుసుల వరస, ఇంకో పక్క టమాటాలు అమ్మే ఆవిడ. రెండు వారాలకోసారి బిరాగో వచ్చి పుచ్చకాయంత ముద్ద పట్టుకుపోతుంటే హాజియాకి వింతగా ఉండేది. ఒంటికి రాసుకోవడానికి ఇంత ఎందుకు?

"ఇంత వెన్న ఏం చేస్తావు తల్లీ?" అని ఒకసారి అడిగింది.

"అది చెప్పాలంటే చాలాసేపు పడుతుంది హాజియా, ఇంకోసారి చెప్తాను," అంది బిరాగో, ట్రోట్రో బండి కదిలిపోతోందని పరుగెత్తుతూ.

ఇంకోసారి వచ్చినప్పుడు పొద్దుటినుంచి బుడ్డి దగ్గర నిలబడి నడుం పట్టేసి, ల్యాబు పొగకి తల తిరుగుతుంటే, బిరాగో హాజియా ముక్కాలిపీట మీద కూలబడి నడుం నొక్కుకుంది. పక్క కొట్లోంచి ఎండుచేపల వాసన వస్తే మొహం చిట్లించి కొంగు అడ్డం పెట్టుకుంది. పైన వదులుగా వేలాడే తెల్ల కోటు. హాజియా ఇవన్నీ చూసింది. అలాంటి సంగతి నోరు తెరిచి అడగకూడదు కదా, తొలి నెలల్లో పైకి అంటే దిష్టి. లేచి, మంచినీళ్ళిచ్చి, వెన్న ముద్ద ఆకులో చుట్టి తనే ట్రోట్రో దాకా మోసుకొచ్చింది. "ఈవిడెంత మంచిదో," అనుకుంది బిరాగో.

ఆ తర్వాతి ముద్ద ఆకు విప్పితే ల్యాబంతా ఘుమఘుమలాడింది. బిరాగో ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. అమ్మమ్మ చేతుల వాసన! ఫీఫీ కూడా వచ్చి పీల్చి, "అబ్బ, ఇవాళ వెన్న భలే ఉందే. మా అమ్మ నాకు స్నానం పోసేది ఇలాంటిదే రాసి," అన్నాడు. ప్రొఫెసర్ గుమ్మంలోంచే, "షియా వెన్నా? హాయిగా ఉంది," అని వెళ్ళిపోయారు. అక్కడున్న ముగ్గురూ రసాయనశాస్త్రం చదివినవాళ్ళే. బయటి ఊరి మనిషి ఒక్కడున్నా ఇదేం వాసన అని అడిగి ఉండేవాడు. వీళ్ళకి మాత్రం వెన్నంటే పుట్టినప్పటినుంచీ అదే వాసన.

అప్పటినుంచీ వంట చెడడం మొదలుపెట్టింది.

ఎర్రది నల్లబడుతూనే ఉంది. జోహానెస్‌బర్గ్ నుంచి వచ్చే బొమ్మల్లో మాత్రం గుండ్రం పోయింది. మొదటిసారి గింజలు కాస్త నొక్కినట్టున్నాయి. తర్వాతిసారి భుజాలు లేచాయి. ఆ తర్వాత మూలలు. సైజు ఒకటే, అందరూ ఒకేసారి పుట్టినవాళ్ళే, కానీ ఆకారం ఎప్పటికప్పుడు మారిపోతోంది. బిరాగో థర్మామీటరు మార్చింది. కలిపే మోటారు విప్పి మళ్ళీ బిగించింది. ఇనుప లవణం కొత్త డబ్బా తెప్పించింది. మధ్యలో కరెంటు పోయిందని కరెంటుని తిట్టింది, ఎడారి దుమ్ము గాలి వీస్తోందని కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కింది, చివరికి నువ్వే ఏదో ముట్టుకున్నావని ఫీఫీ మీద పడింది.

"నీ బుడ్డి నేనెందుకు ముట్టుకుంటాను? అందులో తినేదేమైనా ఉందా?" అన్నాడు ఫీఫీ.

నవ్వు రాలేదు ఆవిడకి. కమిటీ దగ్గరపడుతోంది. ప్రొఫెసర్ పిలిచి, కోపం లేకుండానే చెప్పారు. "ఎందుకు మారుతోందో నువ్వు చెప్పలేకపోతే ఈ అధ్యాయం తీసేద్దాం బిరాగో. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేం."

"సరే సార్," అంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళు! ఫీఫీ వేయించిన అరటిపండు ముక్కల పొట్లం తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒక మాట చెప్పనా? అకువా బొమ్మలు ఉన్నాయిగా. అవే మూడు చోట్ల నుంచి తీసి మూడు వంటలని పెట్టెయ్. జోహానెస్‌బర్గ్ వెళ్ళి ఎవడు చూస్తాడు?"

ఆ మాట ఒక్క క్షణం తియ్యగానే తగిలింది, అబద్ధమెందుకు. తర్వాత బిరాగో తల అడ్డంగా తిప్పింది. "మాకు పుట్టిన ఎనిమిదో రోజున పేరు పెడుతూ నాలుక మీద నీళ్ళచుక్క వేసి నీళ్ళయితే నీళ్ళు అను అన్నారు, సారాచుక్క వేసి సారాయితే సారా అను అన్నారు. మీ ఫాంటీవాళ్ళకి వెయ్యలేదా?"

"వేశారు. నేను రెండూ మింగేశాను," అన్నాడు ఫీఫీ. అప్పుడు మాత్రం ఆవిడకి నవ్వొచ్చింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ల్యాబు తలుపు ధడేల్మని తెరుచుకుంది. డుఫీ. పండక్కి కట్టే చీటీ గుడ్డ కట్టుకుని, నెత్తిన గిన్నెతో, రొప్పుతూ.

"ఏదీ, ఎక్కడుందా మహాతల్లి?"

"లోపల పొగగూటి దగ్గర ఉంది పిన్నీ. ఏమైంది?" అన్నాడు ఫీఫీ.

ఆవిడ గిన్నె దింపి, అతన్ని పైనుంచి కిందకి ఒక చూపు చూసింది. "నువ్వేనా?"

"నేనేం చేశాను పిన్నీ!"

"ఫాంటీవాడివి కదూ?" నిట్టూర్చింది. "పోనీలే. పొడుగ్గానే ఉన్నావు."

బిరాగో గ్లోవులు తీసుకుంటూ వచ్చింది. "అమ్మా, నువ్వేంటి ఇక్కడ?"

"ముందు కూర్చో. కూర్చోవే అంటే! ఇలాంటప్పుడు ఆ పొగ దగ్గర నిలబడతారా ఎవరైనా? బుద్ధుందా?" గిన్నె మూత తీసింది. పామాయిల్ వేసి మెదిపిన పెండలం ముద్ద, దాని మీద ఉడికిన గుడ్లు. "తిను. ఇద్దరి తిండి తినాలి ఇకనుంచి."

"ఇద్దరెవరు?"

"నాతో ఆటలా? కేజేటియాలో టమాటాలు బేరం చేస్తుంటే, ఆ టమాటాలది నా చేతులు పట్టుకుని 'డుఫీ, ఎంత అదృష్టవంతురాలివే' అంటుంది! ఊరందరికీ తెలుసు, కన్నతల్లికి తెలియదు! మొగుడు లేడని భయపడ్డావా? నేనడిగానా మొగుణ్ణి? నేనడిగింది మనవరాల్ని!"

ఫీఫీ చేతిలో గాజు గరాటు పడబోయి ఆగింది.

"అమ్మా, నాకు కడుపేంటి! ఎవరు చెప్పారు?"

"హాజియాయే చెప్పిందట దానికి. హాజియా అబద్ధం చెప్తుందా? మక్కా వెళ్ళొచ్చిన మనిషి! నీ వెన్నలో లవంగాలు నూరి కలుపుతోందట పుట్టబోయే పసిగుడ్డు ఒంటికి. నెలలు నిండేకొద్దీ ఇంకాస్త, ఇంకాస్త పెంచుతూ వస్తోందట, పాపం, ఒక్క పెసెవా ఎక్కువ అడక్కుండా!"

బిరాగో లేచి వెళ్ళి, ఆకులో ఉన్న వెన్న ముద్ద తీసి ముక్కుకి ఆనించుకుంది. అమ్మమ్మ చేతులు. లవంగం. ఇన్నాళ్ళూ ముక్కు కిందే ఉంది కదా!

"అమ్మా, ఇంకోసారి చెప్పు. పెంచుతూ వచ్చిందా? కొంచెం కొంచెంగా?"

"అనే అంటోంది ఆవిడ."

బిరాగో తల్లిని రెండు చేతులా పట్టి గిరగిరా తిప్పేసింది. "ముందు నొక్కుళ్ళు, తర్వాత భుజాలు, ఆ తర్వాత మూలలు! ఫీఫీ, వంట చెడలేదురా! అది వరస! లవంగం వరస!"

"మరి కడుపు?" అంది డుఫీ, తిరిగీ తిరిగీ ఆగి.

"లేదమ్మా."

"అసలు లేదా?"

"అసలే లేదు."

డుఫీ స్టూలు మీద కూర్చుంది. మొహం చిన్నబోయింది. ఆ మొహం చూసి బిరాగో సంతోషమంతా ఒక్కసారి సన్నగిల్లింది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల్లి చేతులు ఒళ్ళోకి తీసుకుంది. "కోపమా అమ్మా?" అంది.

"కోపమెందుకే," అంది డుఫీ ముక్కు తుడుచుకుంటూ. "దారంతా పేరు కూడా ఆలోచించుకుంటూ వచ్చాను, అందుకు." కాసేపటికి గిన్నె వైపు చూసింది. గుడ్లు లేవు. ఫీఫీ దవడ ఆడుతోంది.

"ఇద్దరి తిండి అన్నారు కదా పిన్నీ," అన్నాడు.

డుఫీ అతని నెత్తిన ఒక్కటి మొట్టింది. నవ్వు ఆపుకోలేక అందరికంటే పెద్దగా ఆవిడే నవ్వింది.

సాయంత్రమయ్యేలోగా తల్లీకూతుళ్ళు కేజేటియాలో ఉన్నారు. హాజియా సంగతి విని ముందు నమ్మలేదు. బిరాగో పొట్ట వైపు చూసింది, డుఫీ వైపు చూసింది.

"అయితే కడుపులో ఏమీ లేదా?"

"బుడ్డిలో ఉంది హాజియా," అంది బిరాగో. "తుప్పు."

"తుప్పా! నేను చేతులు నొప్పి పుట్టేలా నూరిన లవంగాలు తుప్పుకా!" హాజియా గొంతుకి నాలుగు కొట్ల వాళ్ళు తలలు తిప్పారు. "ఇంత వెన్న తుప్పుకి అని ముందే చెప్పొచ్చు కదా! మూగదానివా?"

"మీరు అడగొచ్చు కదా!"

"అలాంటివి అడుగుతారా ఎవరైనా? నేను ఎవరికీ చెప్పనే లేదు బిడ్డా. ఒక్క టమాటాల దానికి చెప్పాను, అంతే. అది ఎవరికీ చెప్పదు."

టమాటాల ఆవిడ చప్పున టమాటాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు చూడాలి నవ్వులు! హాజియా గంప అంచు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వడం అయ్యాక రోలు ముందుకు లాక్కుంది. మొదట చిటికెడు, తర్వాత గరిటెడు, పోయినసారి చారెడు అని చెప్తూ ప్రతిదీ మళ్ళీ బిరాగో కళ్ళముందే నూరింది. బిరాగో ల్యాబు నుంచి తెచ్చిన చిన్న త్రాసులో ఒక్కొక్కటీ తూచుకుంది. పోయేటప్పుడు హాజియా లవంగం తగలని ఉత్త వెన్న ముద్ద కూడా ఇచ్చింది. "ఇది బోసి వెన్న, పసిపిల్లలకి పనికిరాదు. తుప్పుకి చాలు," అంది మూతి తిప్పుతూ.

బోసి వెన్నతో కాచినవి గుండ్రంగా వచ్చాయి, అకువాకి తోబుట్టువుల్లా. చిటికెడు లవంగం వేస్తే నొక్కుళ్ళు, గరిటెడు వేస్తే భుజాలు. ఎన్నిసార్లు కాస్తే అన్నిసార్లూ, ఏది కోరితే అదే. బిరాగోకి అన్నం సహించలేదు, సంతోషంతో. పని చేస్తూ చేస్తూ ఒక పొద్దున అసలు సంగతి కూడా అర్థమైంది. లవంగంలోని సారం గింజ చదును ముఖాల మీదికెక్కి కూర్చుంటోంది. అక్కడ కొత్తది చేరడానికి చోటుండదు. చేరాల్సింది మూలల వైపుకే పోతుంది, మూలలు సాగుతాయి, గుండ్రటి గింజ పాచికలా పలకలు తేలుతుంది. చారెడు లవంగంతో కాచిన వంట శుక్రవారం నల్లబడింది. దానికి అఫియా అని పేరు రాసి, చుక్క ఎండిన పలక జోహానెస్‌బర్గ్ వెళ్ళే ఒక లెక్చరరు జేబులో వేసి, మిగతాది సీసాలో పోసి కిటికీలో పెట్టింది. ఎనిమిది రోజులు కదలకుండా ఉంచి, అడుక్కి దిగకుండా నిలిస్తేనే వంట నిలిచినట్టు. అది ప్రొఫెసర్ పెట్టిన నియమం. ఎనిమిదో రోజునే కమిటీ కూర్చుంటుంది.

"ఎనిమిది రోజులా? అయితే అది బారసాలే కదా," అంది డుఫీ ఆదివారం ఫుఫు వడ్డిస్తూ.

"అమ్మా, అది సీసా."

"నువ్వు నోర్మూసుకో. నాకు ఈ ఏడాది ఒక బారసాల బాకీ ఉంది."

ఎనిమిదో రోజు పొద్దున్నే ల్యాబు నిండిపోయింది. డుఫీ తెల్లగుడ్డ కట్టుకుని వచ్చింది. అమొఆకో షెడ్డుకి తాళం వేసి, భుజాన పెద్ద గుడ్డ కప్పుకుని వచ్చాడు. హాజియా శుభకార్యాల్లో పంచే కోలాకాయల సంచీతో వచ్చి, "సారా తీసేటప్పుడు నేను అటు తిరుగుతాను, ముందే చెప్తున్నా," అంది. వీళ్ళ మధ్యలో ప్రొఫెసర్ క్వార్టెంగ్, కమిటీకి వేసుకొచ్చిన కోటులో, ఎటు నిలబడాలో తెలియక నిలబడ్డారు. బిరాగో కంప్యూటరు వైపే చూస్తోంది. ఈమెయిల్ ఇంకా రాలేదు.

సీసాని వెలుతురుకి పట్టి చూశారు. అడుగున ఒక్క రేణువు లేదు. అప్పుడే ఫీఫీ కేక పెట్టాడు. "వచ్చాయి! బొమ్మలు వచ్చాయి!"

తెర మీద చిన్న చిన్న పాచికలు, అంచు అంచుకి ఆనుకుని, నేల మీద పలకలు పరిచినట్టు. ఒక్కటీ ఎక్కువ లేదు, ఒక్కటీ తక్కువ లేదు. ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఉన్నారు.

"చెడినవాటి బొమ్మలు కూడా పెడతావా థీసిస్‌లో?" అని అడిగారు.

"అన్నీ పెడతాను సార్. ఎలా చెడ్డాయో, ఎవరు లవంగం వేశారో, ఎందుకు వేశారో, అన్నీ."

"పెట్టు. అధ్యాయం ఉంటుంది," అన్నారు. "కమిటీకి నేనే చెప్తాను. ఇంక కానివ్వండి మీ సంగతి, నాకూ చూడాలనుంది."

పేరు పెట్టాల్సింది బిడ్డ తండ్రి వైపువాళ్ళు. ఈ బిడ్డకి తండ్రి లేడు గనక అమొఆకోనే ముందుకొచ్చాడు. సీసా చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూశాడు. వెల్డింగు మెరుపులకి కళ్ళు మసకేసిన మనిషి. ఎన్నేళ్ళు గోకాడో దాన్ని!

"ఇంతకీ ఎటునుంచి పెరుగుతుందే ఇది?" అన్నాడు కూతురితో మెల్లగా.

ఆయనకి గుర్తుందని బిరాగో అనుకోలేదు. "ఎవరూ కూర్చోని వైపునుంచి నాన్నా."

"ఊఁ," అన్నాడు. నీళ్ళలో వేలు ముంచి సీసాలోకి చుక్క వదిలాడు. "నీళ్ళయితే నీళ్ళు అను."

చుక్క ఆ నల్లటి నూనెలోంచి జారి, దేనితోనూ కలవకుండా, అడుగున తేటగా, విడిగా, ముత్యంలా నిలబడింది. "అంది! నీళ్ళని నీళ్ళంది!" అని డుఫీ చప్పట్లు కొట్టింది.

"సారాయితే సారా అను." బాటిల్లోది కాదు, ల్యాబు స్పిరిటు అందించాడు ఫీఫీ. హాజియా అటు తిరిగింది గాని మెడ తిప్పి ఓరగా చూస్తూనే ఉంది. స్పిరిటు పడి, సీసా ఒకసారి ఊపగానే, ఎనిమిది రోజులు చెక్కుచెదరనిది గోధుమరంగు మబ్బులా విచ్చి, మెల్లగా కిందికి దిగింది. బిరాగో పక్కన అయస్కాంతం పెట్టింది. మబ్బంతా దాని వైపు నడిచి వెళ్ళింది.

"అబద్ధం రాని పిల్ల," అన్నాడు అమొఆకో. గొంతు సరిచేసుకున్నాడు. "దీని పేరు అఫియా. ఇంటి పేరు కాదు గాని, పెద్దల పేరొకటి కలపాలి కదా. అఫియా మెమునా."

హాజియా ఇటు తిరిగింది. కోలాకాయల సంచీ చేతిలోంచి జారిపోయింది. డుఫీ వెళ్ళి కావలించుకుంది. ఫీఫీ తిండి ఎప్పుడు పెడతారని అడిగాడు.

మర్నాడు పొద్దున అమొఆకో షెడ్డు తెరిచాడు. ఎదురుగా ఒక పాత లారీ, తలుపు కింద బారెడు మేర ఎర్రగా తిన్న తుప్పు. ఆయన అలవాటుగా నోరు తెరిచాడు. పక్క షెడ్డువాళ్ళు తిట్ల కోసం చెవి ఒగ్గారు. అమొఆకో నోరు మూసుకుని, అటూ ఇటూ చూసి, ఎమిరీ కాగితం అందుకుని మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు.